"అచ్చం" అనే మాటతో నా తగువు

గంగజాతర రోజుల్లో మా తిరుపతిలో ఏ వీధి మలుపులో స్టేజీ వేసినా ఒక మాట తప్పకుండా చెవిన పడుతుంది. ఆర్కెస్ట్రా యాంకర్ మైకు పట్టుకుని, "కళ్ళు మూసుకుని వినండి, అచ్చం బాలుగారే వచ్చి పాడినట్టుంటుంది" అంటాడు. ముందు వరసలో కుర్చీలేసుకుని కూచున్నవాళ్ళు నిజంగానే కళ్ళు మూసుకుంటారు. ప్యాడ్స్ వాయించే కుర్రాడు రికార్డులో ఉన్న తబలా ముక్కను తు.చ. తప్పకుండా దించేస్తే అతనికి విడిగా ఈలలు. చివర్లో శాలువా కప్పే పెద్దమనిషి కూడా అదే అంటాడు: అచ్చం.

పాతికేళ్ళు దాటింది నాకు రాక్ సంగీతం పిచ్చి పట్టి. ఆ మాట వినపడినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. అది పొగడ్త కాదని నా వాదన. పాడేవాడు లేడని చెప్పడానికి మర్యాదైన మాట, అంతే.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో, అంటే 90ల చివర్లో, నేనూ అచ్చం బాపతే. చెన్నైకి పొద్దున రైలెక్కి, సాయంత్రానికి నాలుగు క్యాసెట్లతో తిరిగొచ్చేవాణ్ణి. ఈగల్స్ బృందం 1976లో చేసిన 'హోటల్ కాలిఫోర్నియా' చివర వచ్చే గిటారు సోలో కోసం రివైండ్ బటన్ అరిగిపోయేదాకా విన్నాను. ఆ సోలో వాయించింది డాన్ ఫెల్డర్, జో వాల్ష్ ఇద్దరూ కలిసి. ఒకరి తర్వాత ఒకరు ముక్కలు పంచుకుని, చివర్లో జోడీగా దిగుతారు. బైరాగిపట్టెడలోని మా మేడ మీద గదిలో ఆ ఇద్దరి పనీ నేనొక్కణ్ణే చెయ్యాలని ఒక వేసవంతా కూచున్నాను. మా కింద వాటాలో గుళ్ళో నాదస్వరం వాయించి రిటైరైన తాత ఉండేవాడు. ఒక మధ్యాహ్నం మెట్లెక్కి పైకొచ్చి, ఆయాసం తీర్చుకుని, "ఆ పాట టేపులో ఉండాది కదా నాయనా, మళ్ళీ నువ్వెందుకు?" అన్నాడు.

ఆయన సంగీత రహస్యం చెప్పడానికి రాలేదు. మధ్యాహ్నం నిద్ర చెడిపోతోందని వచ్చాడు. కానీ ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఆ రోజుకీ, ఆ తర్వాత చాలా ఏళ్ళకీ.

జవాబు నాకు హెండ్రిక్స్ అనే అమెరికా గిటారిస్టు పాటలో దొరికింది. పాటలు రాసి పాడే అమెరికావాడు బాబ్ డిలాన్ 1967 డిసెంబరు చివర్లో ఒక ఆల్బమ్ తెచ్చాడు. అందులో 'ఆల్ అలాంగ్ ద వాచ్‌టవర్' అనే పాట ఉంది. మొత్తం పాటకి మూడే కార్డ్స్, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మీటే మూడు జోడింపులు. గిటారు, హార్మోనికా, వెనక బేస్, డ్రమ్స్. రెండున్నర నిమిషాల్లో అయిపోతుంది. ఎవరో అరుగు మీద కూచుని, గొంతు పెంచకుండా, ఊరికి రాబోయే ఉపద్రవం గురించి చెప్పినట్టు ఉంటుంది. నెల తిరక్కముందే జిమీ హెండ్రిక్స్ లండన్‌లో స్టూడియోకెళ్ళి ఆ పాట పట్టుకున్నాడు. అవే మూడు కార్డ్స్, అవే మాటలు. కానీ ఇక్కడ ఉపద్రవం కబురు కాదు, గుమ్మంలోకి వచ్చేసింది. డిలాన్ ఒక చరణానికీ ఇంకో చరణానికీ మధ్య వదిలిన ఖాళీల్లో హెండ్రిక్స్ గాలి తోలాడు, గుర్రాలు తోలాడు. పాట నాలుగు నిమిషాలైంది. కొత్త చరణం ఒక్కటీ చేర్చలేదు.

దీని తర్వాత జరిగినది నాకు ఇంకా ఇష్టం. 1970లో హెండ్రిక్స్ చనిపోయాడు. 1974 నుంచి డిలాన్ ఆ పాట వేదికల మీద పాడటం మొదలుపెట్టినప్పుడు తన పాత పద్ధతిలో కాకుండా హెండ్రిక్స్ దారిలో పాడాడు. రాసినవాడే వెళ్ళి, తన పాట పాడిన మనిషి దగ్గర నేర్చుకున్నాడు. ఇప్పుడు చెప్పండి, ఈ ఇద్దరిలో అసలు ఎవరిది, నకలు ఎవరిది?

మా మేనల్లుడు ఈ ప్రశ్నకి తడుముకోలేదు. వాడు చెన్నైలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, సొంతంగా పాటలు రాసుకుంటాడు, వాడికో చిన్న బ్యాండు కూడా ఉంది. "అసలు డిలాన్‌దే మామా. రాసినోడిదే పాట. కవర్లు పాడేవాళ్ళంతా రాయడం చేతకాక పాడేవాళ్ళే" అన్నాడు. కవర్ అంటే ఒకరు ముందే రికార్డు చేసిన పాటని ఇంకొకరు మళ్ళీ పాడటం. నాకు ఆర్కెస్ట్రా యాంకర్ ఎంతో వీడూ అంతే. ఒకరు నకలుకి శాలువా కప్పుతారు, ఇంకొకరు నకలని తిడతారు. పాట అంటే మొదటి రికార్డే అని ఇద్దరూ నమ్ముతారు.

వాడికి ఒక లెక్క చెప్పాను. బీటిల్స్ మొదటి ఆల్బమ్ 1963లో వచ్చింది. పాటలు 14. అందులో 6 వాళ్ళవి కావు. నిర్వాణా బృందం 1993 నవంబరులో న్యూయార్క్‌లో ఎం టీవీ కోసం ఒక రాత్రి కరెంటు హోరు తగ్గించుకుని కూచుని వాయించింది. తర్వాతి ఏడు ఆల్బమ్‌గా వచ్చింది. దాంట్లోనూ పాటలు 14, అందులోనూ 6 వాళ్ళవి కావు. ముప్పై ఏళ్ళ తేడాతో ఒకే లెక్క. కాకతాళీయమే అనుకోండి, నాలాంటి వాడికి ఇలాంటివి కనపడితే వారం రోజులు తిండి సహించదు. బీటిల్స్ వాళ్ళకీ, నిర్వాణా వాళ్ళకీ పాట రాయడం చేతకాదని మాత్రం ఎవరూ అనలేరు కదా.

ఆ రెండు ఆరుల్లోనూ తేడా ఉంది. బీటిల్స్ హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రిళ్ళు గంటల తరబడి వాయించి బతికిన పిల్లలు. అంతసేపు నింపడానికి సొంత పాటలు చాలవు, దొరికిందల్లా పాడేవాళ్ళు. 1963 ఫిబ్రవరి 11న ఒక్క రోజులో పది పాటలు రికార్డు చేసి, అన్నిటికన్నా చివర 'ట్విస్ట్ అండ్ షౌట్' పెట్టుకున్నారు. ఆ పాట పాడాల్సిన లెనన్‌కి ఆ రోజు జలుబు. గొంతు ఎటూ పోతుందని తెలిసే ఆ పాటని చివరికి తోశారు. ఇప్పుడు మనం వింటున్నది మొదటి టేకే. రెండోసారి పాడబోతే గొంతు మిగల్లేదు. ఆ పాట వాళ్ళకి ఐజ్లీ బ్రదర్స్ 1962లో చేసిన రికార్డు నుంచి వచ్చింది. ఐజ్లీలకి అంతకు ముందు ఏడాది టాప్ నోట్స్ అనే వాళ్ళు పాడిన దాన్నుంచి వచ్చింది. టాప్ నోట్స్ పాట వింటే అదే పాటని గుర్తుపట్టడానికి కాసేపు పడుతుంది. మొదటి రికార్డే పాట అనేవాళ్ళు ఆ ముక్క ఒకసారి వినాలి.

నిర్వాణా సంగతి వేరు. అప్పటికి వాళ్ళు ప్రపంచమంతా తెలిసినవాళ్ళు. ఆ రాత్రి జనం ఎదురు చూసిన పెద్ద హిట్టు వదిలేసి, మీట్ పపెట్స్ అనే, చాలామందికి తెలియని బృందం పాటలు మూడు పాడారు. పైగా ఆ బృందంలోని అన్నదమ్ముల్నే పక్కన కూచోబెట్టుకుని వాయించారు. ఇంగ్లండు గాయకుడు డేవిడ్ బోవీ 1970లో చేసిన 'ద మ్యాన్ హూ సోల్డ్ ద వరల్డ్' పాడారు. పాట అవ్వగానే నిర్వాణా గాయకుడు కర్ట్ కోబెయిన్ మైకులో, ఇది డేవిడ్ బోవీ పాట అని చెప్పాడు. చెప్పినా లాభం లేకపోయింది. తర్వాతి రోజుల్లో బోవీ తన పాట తనే పాడుకుంటే, కుర్రాళ్ళు వచ్చి, నిర్వాణా పాట భలే పాడారండీ అనేవాళ్ళట. బోవీకి ఒళ్ళు మండేది. పాపం, నాకు అతని మీద జాలే. కానీ కోబెయిన్ తప్పేం లేదు. పేరు చెప్పాడు. నా కొలత అదే. ఎంత మార్చుకున్నా మార్చుకో, ఎవరి దగ్గర తెచ్చుకున్నావో ఆ పేరు మాత్రం మింగేయకు.

"నీకేం మామా, ఇంగ్లీషోళ్ళ గురించి ఎన్నైనా చెప్తావు. మన దాంట్లో అట్లా కుదరదు" అన్నాడు మేనల్లుడు. మన దాంట్లో కుదరదా! తిరుపతిలో పుట్టి అనాల్సిన మాటేనా అది?

పూర్ణకుంభం సర్కిల్ దగ్గర ఎం.ఎస్. సుబ్బులక్ష్మి విగ్రహం ఉంది. ఆమె గొంతులో 'నానాటి బదుకు నాటకము' విననివాళ్ళు మా ఊళ్ళో ఉండరు. అన్నమయ్య 1408లో తాళ్ళపాకలో పుట్టి, 1503 దాకా బతికినవాడు. 32 వేల సంకీర్తనలు రాశాడంటారు. కొండ మీద గుళ్ళో చిన్న రాతి గదిలో రాగిరేకుల మీద చెక్కి ఉన్నవి 1920ల్లో బయటపడితే, మనకి దక్కినవి 12 వేల పైచిలుకు. ఆ రేకుల మీద సాహిత్యం ఉంది. రాగం పేరు ఉంది. స్వరాలు లేవు. ఆయన ఏ వరుసలో పాడుకున్నాడో చెప్పే ఆధారం దాదాపు ఏమీ మిగల్లేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు తిరుపతిలో కూచుని ఆ పాటల్ని పరిష్కరించి కొన్నిటికి వరుసలు కట్టారు. తర్వాత నేదునూరి కృష్ణమూర్తి గారు కట్టారు. ఎం.ఎస్. పాడిన 'నానాటి బదుకు' వరుస నేదునూరి వారిది, రేవతి రాగం. 'వినరో భాగ్యము' వరుస గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారిది. ఆయన 2025 మార్చిలో ఇదే ఊళ్ళో కన్నుమూశారు. కొన్ని చోట్ల వరుస కట్టినవాళ్ళు రేకు మీద ఉన్న రాగాన్ని కూడా పక్కనపెట్టి వేరేది ఎంచుకున్నారు.

అంటే అలిపిరి మెట్ల దారిలో మైకులోంచి వచ్చే పాటకి మొదటి రికార్డు అనేదే లేదు. మాట ఒకరిది, వరుస అయిదొందల ఏళ్ళ తర్వాత పుట్టిన ఇంకొకరిది, గొంతు మూడో మనిషిది. కచేరీలో నాలుగో మనిషి పాడితే మరో రెండు సంగతులు చేరతాయి. ఎక్కడ నేర్చుకున్నావంటే గురువు పేరు చెప్పి, ఇది ఫలానా వారి పాఠాంతరం అంటాడు. అచ్చం అన్నమయ్యలాగే పాడావని ఎవరూ అనరు, అనలేరు. వాడుకునే మాట పాఠాంతరం. కవర్ అనే ఇంగ్లీషు మాట కన్నా నాకు ఇదే నచ్చుతుంది. కవర్ అంటే ఏదో కప్పేసినట్టుంటుంది.

ఒక్క మినహాయింపు ఇస్తాను. జాతీయగీతం. టాగూరు 1919లో మా పాత చిత్తూరు జిల్లా మదనపల్లెకి వచ్చినప్పుడు, అక్కడి కాలేజీలో ఉన్న మార్గరెట్ కజిన్స్ అనే ఐర్లండ్ ఆవిడ దాని వరుసని స్వరాల్లో రాసిపెట్టింది. అది రాసినట్టే పాడాలి, లేచి నిలబడే పాడాలి. అమెరికా జాతీయగీతాన్ని హెండ్రిక్స్ 1969లో వుడ్‌స్టాక్‌లో గిటారు మీద చీల్చి బాంబుల మోత మోగించాడు కదా అని మేనల్లుడు అడిగాడు. అది వాళ్ళ గొడవ. నేను మాత్రం లేచి నిలబడతాను.

ఇక పేరు మింగేయడం దగ్గరికొస్తాను. ఇక్కడ నా అభిమాన బృందాన్నే బోనులో నిలబెట్టాలి. లెడ్ జెపెలిన్. 1969 నాటి 'హోల్ లాటా లవ్' పాటలో మాటలు విల్లీ డిక్సన్ రాసిన పాట నుంచి వచ్చినవి. ఆ పాటని మడ్డీ వాటర్స్ 1962లో పాడాడు. జెపెలిన్ రికార్డు మీద డిక్సన్ పేరు లేదు. 1985లో ఆయన కోర్టుకెళ్ళాడు, 1987లో బయట రాజీ పడ్డారు. నల్లవాడు, పెద్దవాడు, తన పాట తనదని చెప్పుకోడానికి కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. అదే బృందం 1971లో చేసిన 'వెన్ ద లెవీ బ్రేక్స్' మీద మాత్రం మెంఫిస్ మిన్నీ పేరు వేసింది. ఒక చేత్తో దాచినవాళ్ళే ఇంకో చేత్తో ఇచ్చారు. అందుకే ఈ బృందాన్ని పూర్తిగా తిట్టలేను, పూర్తిగా వెనకేసుకురాలేను.

ఈ రెండో పాటతో నాకు ఇంటి సంబంధం ఉంది. 1927లో మిసిసిపీ నదికి వరదొచ్చి కట్టలు తెగాయి. లక్షల మంది ఇళ్ళు వదిలి పోయారు. గట్టు మీద మన్ను పోయడానికి నల్ల కూలీల్ని బలవంతంగా నిలబెట్టారు. రెండేళ్ళ తర్వాత, 1929లో, జో మెకాయ్, మెంఫిస్ మిన్నీ అనే మొగుడూ పెళ్ళాలు ఆ పాట రికార్డు చేశారు. అతను పాడాడు, ఆమె గిటారు వాయించింది. వాన పడుతూనే ఉంటే కట్ట తెగుతుంది, కట్ట తెగితే నాకు నిలవనీడ ఉండదు, ఇంతే సంగతి. గిటారు మాత్రం చకచకా హుషారుగా పోతుంది, కూలిపని చేసుకుంటూ పాడుకునే పాటలాగా. జెపెలిన్ వాళ్ళు దాన్ని ఏడు నిమిషాలకి లాగారు. పల్లెటూరి పాత బంగళాలో మెట్ల కింద హాల్లో డ్రమ్స్ పెట్టి, మైకుల్ని పై అంతస్తు నుంచి వేలాడదీసి రికార్డు చేశారు. పాట మొదలవగానే జాన్ బోనమ్ కొట్టే ఆ దెబ్బ కట్ట మీద నడిచే ఏనుగు అడుగులాగా ఉంటుంది.

2021 నవంబరులో తిరుపతి మునిగిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. ఆ వానలకి రామచంద్రాపురం దగ్గర రాయలచెరువు కట్టకి లీకేజీ పడింది. శ్రీకృష్ణదేవరాయల కాలం నాటి చెరువు. కింది ఊళ్ళని ఖాళీ చేయించారు. మా చిన్నమ్మ వాళ్ళది ఆ చెరువు కింది ఊరే. రెండు సంచులు, ఒక కుక్కర్, భూమి కాగితాలు పట్టుకుని మా ఇంటికొచ్చారు. రెండు రోజులు టీవీ కట్టెయ్యలేదు. ఇసుక బస్తాలు వేస్తున్నారు, మట్టి తోలుతున్నారు, కట్ట నిలబడుతుందా లేదా. రాత్రి నిద్ర పట్టక నేను ఫోన్లో ఆ పాట పెట్టుకున్నాను. ఇయర్‌ఫోన్ సరిగా తగల్లేదు, హాల్లోకి వినపడింది.

"ఏందిరా అది, ఆ మనిషి అట్ల ఏడస్తా ఉండాడు?" అంది చిన్నమ్మ చీకట్లోంచి.

"కట్ట తెగితే అని ఒక పాట చిన్నమ్మా."

"నీ పాట పాడుగాను, ఇంకేం పాటల్లేవా నీకు? ఆపు."

ఆపేశాను. కాసేపటికి మళ్ళీ ఆమే అడిగింది. "వాళ్ళ కట్ట తెగిందా?"

"తెగింది చిన్నమ్మా. ఎప్పుడో, 1927లో."

"యాడ?"

అమెరికాలో అని చెప్పాను. ఆమె ఇంకేం అడగలేదు. పొద్దున్నే లేచి, ఎవరికీ చెప్పకుండా దేవుడి దగ్గర దీపం పెట్టింది. మా కట్ట నిలబడింది.

ఆ రాత్రి నుంచి నాకు ఆ పాట మిన్నీదనో, జెపెలిన్ గాయకుడు ప్లాంట్‌దనో వాదించే ఓపిక పోయింది. మిన్నీ రికార్డు నాకు కట్ట మీద మన్ను మోస్తున్న మనిషి. జెపెలిన్ రికార్డు నీళ్ళు. రెండూ కావాలి. కానీ మిన్నీ పేరు ఆ అట్ట మీద లేకపోతే నేను మన్ను మోసే మనిషి దాకా వెళ్ళేవాణ్ణే కాదు. పేరు వెయ్యడమంటే మర్యాద ఒక్కటే కాదు, వినేవాడికి వెనక్కి నడిచే దారి వెయ్యడం. మన సినిమాల్లో ఎక్కణ్ణుంచో దించి, నోరు మూసుకుని విడుదల చేసిన ట్యూన్లతో నా గొడవ కూడా అదే. దించినందుకు కాదు, దారి చెరిపేసినందుకు.

మన చట్టం ఏం చెప్తుందో చూద్దామని ఒకసారి కాపీరైట్ చట్టం తిరగేశాను. 2012లో సవరించినప్పుడు 31సి అనే సెక్షన్ చేర్చారు. ఒక పాట మొదటి రికార్డింగ్ జరిగిన ఏడాది ముగిశాక ఐదు క్యాలెండర్ ఏళ్ళు ఆగితే, ముందుగా నోటీసిచ్చి, ఏడాదికి కనీసం 50 వేల కాపీలకి రాయల్టీ కట్టి, ఎవరైనా కవర్ రికార్డింగ్ చేసుకోవచ్చు. ఇది కవర్ అని అట్ట మీద వెయ్యాలి, పాత గాయకుడి పేరూ బొమ్మా వాడి జనాన్ని తికమక పెట్టకూడదు. ఇంతవరకూ భేషుగ్గా ఉంది, నేను అడిగేదీ అదే. కానీ పక్కనే ఇంకో మెలిక. సొంతదారు ముందే ఒప్పుకున్నవీ, సాంకేతికంగా తప్పనిసరి అయినవీ తప్ప, మాటలో గానీ వరుసలో గానీ మార్పు చెయ్యకూడదు. చూశారా, అచ్చం! శాలువా కప్పే పెద్దమనిషే చట్టం కూడా రాసినట్టుంది.

ఈ మెలిక చదివినప్పుడు నాకు జానీ క్యాష్ గుర్తొచ్చాడు. 'హర్ట్' అనే పాట నైన్ ఇంచ్ నెయిల్స్ పేరుతో ట్రెంట్ రెజ్నర్ 1994లో చేసింది. ఇంకా ముప్పై నిండని కుర్రాడి నరకం అది. 2002లో క్యాష్ పాడేనాటికి ఆయనకి 70, ఒంట్లో రోగం, చెయ్యి వణుకు. తర్వాతి ఏడాదే పోయాడు. పాటలో ఒక్క మాట మార్చాడు. కిరీటం గురించి రెజ్నర్ వాడిన బూతు మాట తీసి, అక్కడ ముళ్ళు అని పెట్టాడు. ఒక్క మాటతో పాట క్రీస్తు పక్కకి జరిగింది, చావుకి దగ్గరగా ఉన్న ముసలాయన నోట్లో సరిగ్గా అతికింది. ఇక ఈ పాట తనది కాదన్నట్టే మాట్లాడాడు రెజ్నర్. మన సెక్షన్ లెక్కన, ముందు సొంతదారుని ఒప్పించకుండా క్యాష్ ఆ ముళ్ళు పెట్టలేడు. డబ్బులు కట్టించుకోండి, పేరు వేయించండి, కోర్టుకి లాగండి, కానీ పాడేవాడి నోట్లో మాట అతికేలా మార్చుకోడానికి కాస్త సందు వదలండి.

చెత్త కవర్లు లేవా అంటే బోలెడు. ప్రతి పాటకీ నెమ్మదిగా పియానో వేసి, గుసగుసలాడితే కొత్తదైపోతుందనుకునే రకం నాకు అచ్చం కన్నా పెద్ద తలనొప్పి. వాటి గురించి ఇంతకంటే రాయను.

పోయిన జాతరకి మేనల్లుడు సెలవు పెట్టి వచ్చాడు. తాతయ్యగుంట గుడి దగ్గర పంబలు మోగుతుంటే పక్కన నిలబడి వింటూ, "మామా, ఇది బోనమ్ కన్నా బరువుగా ఉంది కదా" అన్నాడు. జాతర అయ్యాక పంబ కొట్టే పెద్దాయన్ని బతిమాలి మా అపార్ట్‌మెంటుకి తీసుకొచ్చాం. మెట్ల కింద కూచోబెట్టాం, ఫోను రెండో అంతస్తు రెయిలింగుకి కట్టాం. వాడు ముందు జెపెలిన్ పాట వినిపించి, ఇట్లా కొట్టమన్నాడు. ఆయన పూర్తిగా విని, "ఎంతసేపు కొట్టాల?" అని మాత్రం అడిగాడు. ఏడు నిమిషాలన్నాం. కొట్టాడు. బోనమ్ దెబ్బ కాదది, గంగమ్మ ఊరేగింపు దెబ్బ. మూడో అంతస్తు ఆవిడ జాతర మళ్ళీ మొదలైందనుకుని చెంబులో పసుపు నీళ్ళు పట్టుకుని కిందికి వచ్చేసింది. ఆ దెబ్బ మీద నేను గిటారు వాయించాను, ఈసారి ఎవరి సోలో దించకుండా. వాడు కట్ట గురించి నాలుగు తెలుగు ముక్కలు కట్టుకుని పాడాడు. అంత గొప్పగా ఏం రాలేదు. రెండు చోట్ల నా వేలు జారింది.

రాత్రి ఆ రికార్డింగు కింద పేర్లు టైపు చెయ్యడానికి కూచున్నాడు. మెంఫిస్ మిన్నీ, జో మెకాయ్. తర్వాత జెపెలిన్ నలుగురూ. తర్వాత వాడి పేరు, నా పేరు. అక్కడ ఆగి నా వైపు చూశాడు.

పంబ కొట్టినాయన పేరు ఇద్దరమూ అడగలేదు. టీ ఇచ్చాం, డబ్బులిచ్చాం, ఆటో ఎక్కించాం. ఇల్లు జీవకోన వైపని మాత్రం ఆటోవాడికి చెప్తుంటే విన్నాం. పొద్దున్నే వెళ్ళి వెతకాలి.